దించిన స్వరం తిరిగి రావాలి
(గిటార్ ట్రెమొలోల మీద ఒక గిటార్ రిపేరు మెకానిక్ ఇచ్చిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. మాట్లాడే ముందు ఒక్క స్వరం వినండి.

(ఒక తీగ మీటి, గిటార్‌కి తగిలించిన బార్ అనే చిన్న లోహపు కడ్డీని నొక్కి వదిలారు.)

స్వరం కిందికి జారింది, మళ్లీ పైకి వచ్చింది. మీరంతా ఆ జారడాన్ని విని ఉంటారు. నేను మాత్రం అది తిరిగొచ్చి ఎక్కడ ఆగిందో విన్నాను. ఏళ్ల తరబడి గిటార్లు బాగుచేసేవాడికి పట్టే జబ్బు ఇది. (నవ్వులు) పాట వింటున్నా సరే, వాయించేవాడు బార్ వదలగానే నా చెవులు నిక్కబొడుచుకుంటాయి.

తీగను వదులు చేస్తే స్వరం దిగుతుంది. అందులో పెద్ద తెలివేం లేదు, ట్యూనింగ్ కీ తిప్పినా దిగుతుంది. దించిన స్వరాన్ని అరక్షణంలో, వెంట్రుకవాసి తేడా లేకుండా వెనక్కి తేవాలి. అసలు కష్టమంతా అక్కడుంది. ఈ పరికరాల మీద సుమారు తొంభై ఏళ్లుగా జరిగిన కుస్తీ అంతా ఆ తిరుగు ప్రయాణం కోసమే.

ముందు పేరు గొడవ తేల్చేద్దాం, లేకపోతే చివర్లో ఎవరో ఒకరు అడుగుతారు. సంగీతంలో ట్రెమొలో అంటే శబ్దం పెరుగుతూ తగ్గుతూ ఉండటం. స్వరస్థానం పైకీ కిందికీ ఊగితే అది వైబ్రాటో. ఆ లెక్కన నా చేతిలో ఉన్న ఈ బార్ చేసేది వైబ్రాటో. కానీ ఈ పరికరాన్ని మొదట్లో చేసినవాళ్లలో ఒకడైన డాక్ కాఫ్‌మన్ 1929లో దరఖాస్తు పెట్టి 1932లో తెచ్చుకున్న పేటెంట్‌లోనే దీన్ని ట్రెమొలో అన్నాడు. గిటార్ల తయారీదారు లియో ఫెండర్ తన స్ట్రాటోకాస్టర్ గిటార్ బ్రిడ్జ్‌కి, అంటే గిటార్ ఒంటి మీద తీగలు ఆనే ముక్కకి, 1956లో పొందిన పేటెంట్‌లోనూ అదే మాట. ఇంకో తమాషా చూడండి. అదే ఫెండర్ కంపెనీ 1963లో వైబ్రాటో మాట కలిపి పేరు పెట్టి తెచ్చిన వైబ్రోవెర్బ్ యాంప్లిఫయర్‌లో ఆ ఊపు ఎఫెక్ట్ పెట్టి వింటే ఊగేది శబ్దమే, స్వరం కాదు. అంటే వైబ్రాటోకి ట్రెమొలో అనీ, ట్రెమొలోకి వైబ్రాటో అనీ పేర్లు తారుమారైపోయాయి. ఇక మనం సరిచేసేదేం లేదు. నేను ట్రెమొలో అనే అంటాను, మీరేమన్నా నాకు అభ్యంతరం లేదు.

తీగ బిగువు మార్చి స్వరాన్ని ఊపడం గిటార్‌తో పుట్టిన ఆలోచన కాదు. వీణ మీద తీగను మెట్టు వెంట పక్కకు లాగి గమకం పలికిస్తారు. చైనా వాళ్ల గుజెంగ్‌లో కుడిచేతితో మీటుతూ, బ్రిడ్జ్‌కి అవతల ఉన్న తీగ భాగాన్ని ఎడమచేతితో నొక్కుతారు. జపాన్ కోటోలోనూ ఇలాంటి పద్ధతి ఉంది. యూరప్ క్లావికార్డ్ అనే పాత కీబోర్డ్ వాద్యంలో మీట నొక్కి ఉంచినంతసేపూ లోపలి ఇత్తడి ముక్క తీగను తాకే ఉంటుంది. వేలితో ఇంకాస్త నొక్కి వదులుతూ ఉంటే స్వరం వణుకుతుంది. జర్మన్ వాళ్లు దాన్ని బేబుంగ్ అన్నారు.

వీటిలో దేనికీ తిరిగొచ్చే సమస్య పెద్దగా లేదు. ఎందుకంటే వేలు లాగుతుంటే చెవి వింటూ ఉంటుంది. కొంచెం తప్పితే అప్పటికప్పుడే వేలు సర్దుకుంటుంది. వైణికుడి వేలికీ చెవికీ మధ్య ఇంకెవరూ లేరు. ఆ పని యంత్రానికి అప్పజెప్పిన రోజునే తంటా మొదలైంది. యంత్రానికి చెవి లేదు. స్ప్రింగ్ ఎక్కడ ఆగితే స్వరం అక్కడే.

ఇందాక చెప్పిన కాఫ్‌మన్ చేసిన పరికరం పేరు వైబ్రోలా, అది అలా మొదటి తరానిది. దాని బార్ పక్కలకు కదిలేది. రికెన్‌బ్యాకర్ గిటార్ల మీద వచ్చింది. 1937 ప్రాంతంలో ఇంకా ముందుకెళ్లి, గిటార్ లోపల మోటారు, కప్పీలు పెట్టి, చేతితో పని లేకుండా తీగలు వాటంతటవే ఊగేలా ఒకటి చేశారు. బరువెక్కువై దాన్ని స్టాండ్ మీద నిలబెట్టాల్సి వచ్చింది. ఫ్యాన్‌కి రెగ్యులేటర్ ఉంటుంది గానీ పాటకు ఉండదని వాళ్లకు ఎవరూ చెప్పలేదేమో. (నవ్వులు)

చేతితో కదిపే కాఫ్‌మన్ వైబ్రోలా ఉన్న గిటార్‌తో విసిగిపోయిన వాళ్లలో మెర్ల్ ట్రావిస్ ఒకరు. అమెరికా కంట్రీ సంగీతంలో పెద్ద పేరు. తన గిటార్ మీది వైబ్రోలా శ్రుతి నిలవడం లేదు, బాగుచేసిపెట్టమని పాల్ బిగ్స్‌బీకి ఇచ్చాడు. బిగ్స్‌బీ గిటార్లు చేయకముందు మోటార్‌సైకిల్ పందేల్లో దిగినవాడు, లోహపు పని చేతిలో ఉన్నవాడు. ఆ వైబ్రోలాను చూసి, దీన్ని బాగుచేసేకంటే కొత్తది చేయడమే తేలికనుకున్నాడు. మెకానిక్ అన్నవాడికెవరికైనా ఆ క్షణం తెలుసు. అలా 1950ల మొదట్లో బిగ్స్‌బీ వైబ్రాటో వచ్చింది. ఈనాటికీ దాదాపు అదే రూపంలో దొరుకుతోంది.

దాని పని చాలా సూటిగా ఉంటుంది. తీగలన్నీ ఒక గుండ్రటి కడ్డీకి చుట్టుకుని ఉంటాయి. బార్ నొక్కితే కడ్డీ కాస్త తిరుగుతుంది, తీగలు వదులవుతాయి. బార్ కింద ఒకే ఒక్క లావుపాటి స్ప్రింగ్ ఉంటుంది, నొక్కితే అణిగి వదిలితే లేస్తుంది. స్వరం ఎంతో దూరం దిగదు, మెల్లగా ఊగుతుంది. గిటారిస్ట్ డ్వేన్ ఎడ్డీ వాయింపులో ఆ మెత్తటి ఊపు వినండి, నేను చెప్పేదానికంటే బాగా అర్థమవుతుంది. తక్కువ దూరం వెళ్లినవాడు దారి తప్పడం తక్కువ కాబట్టి శ్రుతి కూడా ఫరవాలేదు. తీగ మార్చడం మాత్రం నరకం. తీగ చివరి గుండును కడ్డీకున్న చిన్న మేకుకి తగిలించి, అది ఊడకుండా ఒక చేత్తో పట్టుకుని, ఇంకో చేత్తో కీ తిప్పుతూ, మూడో చేత్తో... సరే, మీకే తెలుస్తుంది.

ఇక ఫెండర్. 1954లో వచ్చిన స్ట్రాటోకాస్టర్. లియో ఫెండర్‌కి గిటార్ వాయించడం రాదు. రేడియో రిపేరు నుంచి వచ్చిన మనిషి. అంతకుముందు కాఫ్‌మన్‌తో కలిసి కంపెనీ నడిపినవాడు కూడా. ఆయన చేసిన మార్పు ఏమిటంటే, తీగ చివర పట్టుకునే భాగాన్నీ బ్రిడ్జ్‌నీ విడివిడిగా ఉంచకుండా ఒకే ముక్కగా చేసి, ఆ ముక్క మొత్తాన్ని ఊగేలా పెట్టడం. బిగ్స్‌బీలో తీగ బ్రిడ్జ్ మీద అటూ ఇటూ రాసుకుంటుంది. రాపిడి ఉన్నచోట తీగ ఎక్కడో ఒకచోట పట్టేస్తుంది. బ్రిడ్జ్ కూడా తీగతోపాటే కదిలితే అక్కడ రాపిడే ఉండదు. అందుకే ఆయన దానికి సింక్రనైజ్డ్, అంటే కలిసి కదిలేది అని పేరు పెట్టాడు.

ఈ గిటార్ వెనక మూత తీసే తెచ్చాను, దగ్గరికొచ్చి చూడొచ్చు. పైన పలక, ముందంచున ఆరు స్క్రూలు. పలక కింద ఈ బరువైన ఇనుప దిమ్మ. తీగలు దీని కిందినుంచి ఎక్కి పైకి వస్తాయి. దిమ్మ అడుగుకి స్ప్రింగులు తగిలించి ఉన్నాయి. స్ప్రింగుల రెండో కొస ఈ పంజాలాంటి రేకుకి ఉంది. పంజాను రెండు పొడవాటి స్క్రూలతో చెక్కకు బిగించారు.

దీన్ని త్రాసులా చూడండి. సన్నతీగ 0.010 అంగుళాల నుంచి లావుతీగ 0.046 దాకా ఉండే మామూలు సెట్ వేసి శ్రుతి చేస్తే, ఆరు తీగలూ కలిసి లాగే బలం సుమారు 47 కిలోలు. అంత బలంతో ఒక వైపు లాగుతుంటే వెనక రెండో మూడో నాలుగో స్ప్రింగులు రెండో వైపు లాగుతున్నాయి. త్రాసు ఇరుసు ముందంచున ఉన్న ఆ ఆరు స్క్రూల దగ్గర ఉంది. తీగలు ఇరుసుకి కొంచెం పైన, స్ప్రింగులు బాగా కింద. అందుకే స్ప్రింగులు 47 కిలోలూ లాగక్కర్లేదు, వాటి చేయి పొడవు కాబట్టి తక్కువ బలమే చాలు. తూకం కుదిరినచోట బ్రిడ్జ్ గాల్లో తేలుతుంది. ఫ్లోటింగ్ అనేది ఇదే.

త్రాసులో ఒక గింజ మార్చినా ముల్లు కదులుతుంది. మీరు ఒక్క తీగ బిగించారనుకోండి, బ్రిడ్జ్ ముందుకు వంగుతుంది, మిగతా అయిదు తీగలూ వదులవుతాయి. రెండోది సరిచేస్తే మొదటిది పోతుంది. కొత్తగా కొన్న పిల్లలు గంటసేపు కీలు తిప్పి తిప్పి, గిటార్ పాడైపోయిందని నా దగ్గరికి తెస్తారు. పాడవలేదమ్మా, త్రాసు అంతే. ఒక్కో తీగనీ పూర్తిగా సరిచేయాలని చూడకండి. ఆరింటినీ పైపైన ఒక రౌండ్, మళ్లీ ఒక రౌండ్, అలా నాలుగైదుసార్లు తిరగండి, దగ్గరపడుతుంది. తీగల సైజు మార్చినప్పుడైతే వెనక పంజా స్క్రూలు కూడా తిప్పాలి. లావు తీగలు వేస్తే బిగించాలి, సన్నవి వేస్తే వదలాలి. బ్రిడ్జ్ పడవ ముక్కులా పైకి లేచిందంటే తీగలు గెలిచాయని అర్థం.

తీగ తెగితే ఇంకా ఘోరం. నాకు జరిగింది. చిన్నప్పుడు ఒక కచేరీలో, అరువు తెచ్చిన గిటార్‌తో, పాట మధ్యలో మూడో తీగ టప్పున తెగింది. పరవాలేదు, అయిదు తీగలతో లాగిద్దామనుకున్నాను. స్ప్రింగులు ఒక్కసారిగా గెలిచాయి, బ్రిడ్జ్ వెనక్కి వాలింది, ఉన్న అయిదు తీగలూ షార్ప్ అయ్యాయి, అంటే శ్రుతి దాటి పైకి పోయాయి. అన్నీ ఒకే లెక్కన షార్ప్ అయినా బతికిపోయేవాణ్ణి, ఒక్కోటి ఒక్కోలా పోయింది. కీబోర్డ్ అతను నా వైపు చూసిన చూపు ఇప్పటికీ మర్చిపోలేదు.

ఆ ఒక్కోటి ఒక్కోలా అన్నదగ్గర కాసేపు ఆగుదాం, చాలామంది దీన్ని పట్టించుకోరు. బార్ నొక్కినప్పుడు బ్రిడ్జ్ ఆరు తీగలనీ ఒకే దూరం కదుపుతుంది. కానీ ఆరు స్వరాలూ ఒకే దూరం దిగవు. వినండి.

(కొన్ని తీగలు కలిపి ఒక కార్డ్ మీటి, బార్ మెల్లగా నొక్కారు.)

కార్డ్ కిందికి పోయేకొద్దీ చెదిరిపోతోంది కదా. స్వరం ఎత్తు బిగువుకి వర్గమూలంగా మారుతుంది. స్వరం ఒక సెమిటోన్, అంటే గిటార్ మెడ మీది ఒక మెట్టు (ఫ్రెట్) దూరం, పెరగాలంటే బిగువు సుమారు 12 శాతం పెరగాలి. ఒక స్థాయి కిందికి దిగాలంటే బిగువు నాలుగో వంతుకి పడిపోవాలి. ఇప్పుడు తీగ ఒక పిసరు సాగితే బిగువు ఎంత మారుతుంది? అది లోపలి ఉక్కు ఎంత లావన్నదాన్నిబట్టి ఉంటుంది. సన్నటి ఒకటో తీగా, చుట్టు లేని 0.017 మూడో తీగా దాదాపు ఒకే బిగువులో ఉంటాయి. కానీ మూడోదానిలో ఉక్కు దాదాపు మూడింతలు. కాబట్టి అదే పిసరు సాగుకి దాని బిగువు మూడింతలు మారుతుంది. 648 మిల్లీమీటర్ల స్కేల్ (మీటే తీగ పొడవు) ఉన్న గిటార్ మీద లెక్కవేస్తే, మూడో తీగ ఒక సెమిటోన్ మారడానికి మిల్లీమీటరులో అయిదో వంతు సాగితే చాలు. ఒకటో తీగకి అర మిల్లీమీటరు దాటాలి. అంటే మూడో తీగ రెండు ఫ్రెట్ల దూరం దిగేసరికి ఒకటో తీగ ఒక ఫ్రెట్ కూడా దిగదు.

మిల్లీమీటరులో అయిదో వంతుకి ఒక సెమిటోన్! నట్ దగ్గర, అంటే మెడ పైకొసన తీగలు ఆనే గాడుల ముక్క దగ్గర, తీగ జుట్టుపోగంత పక్కకు పట్టేసినా మీ చెవికి ఎందుకు తెలిసిపోతుందో ఇప్పుడు అర్థమైందా? అందరూ మూడో తీగనే తిడతారు. పాపం దాని తప్పేం లేదు, లెక్క అలా ఉంది.

కార్డ్ చెదరకుండా దించాలని నెడ్ స్టైన్‌బర్గర్ 1980ల్లో ట్రాన్స్‌ట్రెమ్ అనేది చేశాడు. ఒక్కో తీగా తనకు కావలసిన మోతాదులో కదిలేలా అమరిక. కార్డ్ మొత్తం కలిసికట్టుగా దిగుతుంది, కొత్త శ్రుతిలో తాళం వేసి వాయించుకోవచ్చు కూడా. అద్భుతమైన పని. కానీ దానికి కొలత ప్రకారం చేసిన తీగలు కావాలి, అమరిక కష్టం. ఎక్కువమంది చెదిరే కార్డ్‌తోనే సర్దుకున్నారు. నిజానికి ఆ చెదరడమే కొందరికి నచ్చింది. 1969లో వుడ్‌స్టాక్‌లో జిమి హెండ్రిక్స్ అమెరికా జాతీయగీతాన్ని వాయిస్తూ బార్‌తో చేసిన పనిలో అందం ఉన్నదే ఆ చెదరడంలో. ఆయన కుడిచేతి గిటార్ తిరగేసి వాయించేవాడు కాబట్టి బార్ పైవైపున ఉండేది.

అదే పరికరంతో దీనికి పూర్తి వ్యతిరేకంగా వాయించినవాడు గిటారిస్ట్ జెఫ్ బెక్. వేళ్లతో మీటుతూ, బార్ చేతిలోనే పెట్టుకుని, గొంతుతో పాడినట్టు ఒక్కో స్వరాన్నీ కిందినుంచి ఎక్కించి పట్టుకునేవాడు. ఇందాక యంత్రానికి చెవి లేదన్నాను కదా. ఆయన బార్‌ని ఎప్పుడూ వదిలేసేవాడు కాదు, అందుకే యంత్రానికీ చెవి ఉన్నట్టే వినిపించేది. బ్రిటన్‌లో అంతకుముందే హ్యాంక్ మార్విన్ ఇలా బార్ చేతిలో పట్టుకుని వాయించే పద్ధతి మొదలుపెట్టాడు. 1959లో ఆయనకు వచ్చిన ఎర్ర స్ట్రాటోకాస్టర్ చూసి ఎంతమంది గిటార్ పట్టారో లెక్కలేదు.

ఫెండర్ 1958లో జాజ్‌మాస్టర్ అనే గిటార్‌కి ఇంకో రకం ట్రెమొలో పెట్టాడు. అందులో బ్రిడ్జ్ కాళ్లు మొనదేలి ఉంటాయి, తీగలతోపాటు బ్రిడ్జ్ అటూ ఇటూ వాలుతుంది. జాజ్ వాళ్ల కోసం చేస్తే సర్ఫ్ సంగీతం వాళ్లు ఎగరేసుకుపోయారు.

ఇంతకీ స్వరం తిరిగి రాకపోతే తప్పు ఎక్కడుందో ఎలా తెలుసుకోవాలి? నేను చేసే పరీక్ష చెబుతాను. బార్ లోతుగా దించి వదలండి. తీగ షార్ప్‌గా వచ్చి ఆగిందా? అయితే నట్ దగ్గర పట్టేస్తోంది. ఎలాగంటే, బార్ దించగానే మీరు మీటే భాగం వదులైంది. నట్‌కి అవతల, కీ వైపున ఉన్న తుండు ఇంకా బిగువుగానే ఉంది. బిగువున్నవాడు తీగను తనవైపు లాక్కుంటాడు. వదిలాక ఆ లాక్కున్న పిసరు వెనక్కి జారాలి. నట్ గాడి ఇరుకుగా ఉంటే జారదు. మీటే భాగంలో తీగ తగ్గిపోయింది, అందుకే షార్ప్. బెండ్ చేసినప్పుడు, అంటే వేలితో తీగను పక్కకు లాగినప్పుడు, ఇది తిరగబడుతుంది, ఫ్లాట్‌గా, అంటే శ్రుతికి కిందుగా ఆగుతుంది. అప్పుడు బార్‌ని ఒక్కసారి తట్టి వదిలితే సర్దుకుంటుంది. చాలామంది వాయించేవాళ్లు కారణం తెలియకుండానే ఈ తట్టడం అలవాటు చేసుకున్నారు.

మందు ఏమిటంటారా? పెన్సిల్. ముల్లు బాగా చెక్కి, నట్ గాడుల్లో రుద్దండి, గ్రాఫైట్ జారుతుంది. అప్పటికీ కీ తిప్పేటప్పుడు టింగ్‌మని శబ్దం వస్తే గాడిని సన్నటి ఆకురాయితో సరిచేయించాలి. కీ కడ్డీ మీద తీగను పది చుట్లు చుట్టకండి. ఆ చుట్లే బిగుస్తూ వదులవుతూ శ్రుతి తింటాయి. రెండు మూడు చాలు. కొత్త తీగలను చేత్తో లాగి సాగదీయండి. నూటికి ఎనభై అని అంకె చెప్పను గానీ, నా బల్ల మీదికి వచ్చే ట్రెమొలో ఫిర్యాదుల్లో ఎక్కువ భాగం ట్రెమొలోవి కావు, నట్‌వి.

ఇది బాగా కనిపెట్టినవాడు ఫ్లాయిడ్ రోజ్. బ్యాండ్‌లో గిటార్ వాయించేవాడు, నగల పని కూడా చేసేవాడు. తన స్ట్రాటోకాస్టర్ శ్రుతి నిలవక విసిగిపోయి, తీగ నట్ దగ్గర జారడమే కదా తగువు, అసలు జారనివ్వకపోతే పోలేదా అనుకున్నాడు. 1970ల చివర్లో నట్ దగ్గర తీగల్ని బిగించి పట్టే కొక్కేలు చేశాడు. మొదట ఇత్తడితో చేశాడు, అరిగిపోతుంటే గట్టి ఉక్కుకి మారాడు. 1979లో పేటెంట్ వచ్చింది. బ్రిడ్జ్ వైపు కూడా తీగ గుండు కత్తిరించి, కొసను శాడిల్‌లో, అంటే బ్రిడ్జ్ మీద తీగ ఆనే చిన్న ముక్కలో, బిగించేస్తారు. రెండు కొసలూ బిగిస్తే జారడానికి చోటే లేదు. తీగ వేలాడిపోయేదాకా దించినా వెనక్కి వస్తుంది.

(బార్ పూర్తిగా నొక్కి, తీగలు ఫ్రెట్లకు కొట్టుకునేదాకా దించి, వదిలారు. చప్పట్లు.)

చప్పట్లు ఆయనకి, నాకు కాదు. అయితే నట్ బిగించేశాక కీలు తిప్పినా ప్రయోజనం లేదు. ఎండకో చలికో శ్రుతి కాస్త కదిలితే ఎలా? అందుకే తర్వాత బ్రిడ్జ్ మీదే చిన్న స్క్రూలు, ఫైన్ ట్యూనర్లు వచ్చాయి. రాక్ గిటారిస్ట్ ఎడ్డీ వాన్ హేలెన్ చేతుల్లో పడ్డాక ఇక అడ్డులేకుండా పోయింది. ఆయన మాత్రం బ్రిడ్జ్‌ని తేలనిచ్చేవాడు కాదు. చెక్క మీద ఆనించి, కిందికి మాత్రమే దించేవాడు. ఆ జాగ్రత్తలో ఎంత తెలివి ఉందో ఇందాకటి నా కచేరీ కథ గుర్తుచేసుకుంటే తెలుస్తుంది. ఆనించిన బ్రిడ్జ్ తీగ తెగినా వెనక్కి వాలలేదు.

ఫ్లాయిడ్ రోజ్ చేసిన ఈ బ్రిడ్జ్‌లో అరిగేది కత్తి అంచు. పలక ముందు భాగం పదునుగా ఉండి రెండు స్తంభాల గాడుల్లో ఆనుతుంది. బిగువు మీద ఉండగా ఆ స్తంభాల ఎత్తు తిప్పకండి, దండం పెడతాను. ఉక్కుని ఉక్కు గీరేస్తుంది. అంచు మొద్దుబారితే బ్రిడ్జ్ ఒకసారి ఇక్కడ, ఇంకోసారి అక్కడ ఆగుతుంది. దానికి పెన్సిల్ మందు లేదు.

ఏవైనా ప్రశ్నలున్నాయా?

(సభలో ఒకరు: సర్, నాకు బార్ వాడే అలవాటే లేదు. కానీ గిటార్‌కి ట్రెమొలో ఉంది. ఏం చేయాలి?)

చెక్క ముక్క పెట్టు బాబూ. నిజంగానే. వెనక మూత తీసి, ఆ దిమ్మకీ చెక్కకీ మధ్య ఖాళీకి సరిపడా గట్టి చెక్క ముక్క దూర్చి, పంజా స్క్రూలు బిగించేయి. గిటారిస్ట్ ఎరిక్ క్లాప్టన్ తన స్ట్రాటోకాస్టర్లకు చేయించింది ఇదే. అయిదు స్ప్రింగులూ వేసి, చెక్క అడ్డం పెట్టి, బ్రిడ్జ్ కదలకుండా. బెండ్ చేసినా మిగతా తీగలు ఫ్లాట్ కావు, తీగ తెగినా పాట ఆగదు. ముక్కకి జిగురు మాత్రం పెట్టకు. ఏదో ఒకరోజు బార్ నొక్కాలనిపిస్తుంది, అప్పుడు తీసుకోవచ్చు.